లేఖకుడి కన్ను జారిన చోట

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో గోడ క్యాలెండర్ల మీద తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: "గడ్డి యెండిపోవును దాని పువ్వు వాడిపోవును మన దేవుని వాక్యము నిత్యము నిలుచును." ఇది యెషయా గ్రంథం 40వ అధ్యాయం, 8వ వచనం. ఆ గ్రంథానికి ఇప్పటిదాకా దొరికిన అతి పాత పూర్తి ప్రతి జెరూసలేంలో ఉంది. మృత సముద్రం దగ్గరి గుహలో దొరికిన, క్రీ.పూ. రెండో శతాబ్దంలో రాసిందని చెప్పే తోలు చుట్ట అది. అందులో సరిగ్గా ఈ వాక్యం దగ్గరే లేఖకుడు తడబడ్డాడు.

గడ్డి ఎండడం, పువ్వు వాడడం అన్న మాటలు 7వ వచనంలో ఒకసారి వస్తాయి, 8వ వచనంలో మళ్లీ వస్తాయి. మొదటిసారి రాసి, తిరిగి మూలప్రతి వైపు చూసేసరికి లేఖకుడి కన్ను రెండోసారి వచ్చిన చోట పడినట్టుంది. మధ్యలో ఉన్నదంతా ఎగిరిపోయింది. తర్వాత వేరే చేతిరాతతో ఎవరో ఆ పోయిన భాగాన్ని వరుసల సందులోనూ పక్క ఖాళీలోనూ ఇరికించారు. దేవుడి పేరు రావాల్సిన చోట అక్షరాలు రాయడానికి జంకి నాలుగు చుక్కలు పెట్టారు.

ఇంతకీ అది నిజంగా కన్ను జారడమేనా అంటే, అక్కడా ఒక తిరకాసు ఉంది. క్రీస్తుకు ముందే యూదులు చేసుకున్న గ్రీకు అనువాదం సెప్టువజింట్. అందులోనూ ఆ భాగం లేదు. ఎక్కడో ఉన్న ఇద్దరి కళ్లు ఒకే చోట జారాయా? ఒకే మాట రెండుసార్లు వచ్చే చోట రాసేవాళ్లందరికీ ఆ గండం ఉన్నదే కాబట్టి, జరగకూడనిదేమీ కాదు. లేక మొదట పాఠమే పొట్టిగా ఉండి, "నిశ్చయముగా జనులు గడ్డివంటివారే" అన్న మాట తర్వాత చేరిందా? ఆ మాట వాలకం చూస్తే, గడ్డి అంటే ఎవరో అర్థం కానివాళ్ల కోసం ఎవరో అంచున రాసుకున్న టిప్పణిలాగే ఉంటుంది. పండితులు రెండు వైపులా ఉన్నారు. మొదటిది నిజమైతే ఇది నకలు తప్పు. రెండోది నిజమైతే ఒక పాఠకుడి వ్యాఖ్యానం మెల్లగా మూలంలోకి నడిచి వచ్చిందన్నమాట.

మృత సముద్రపు చుట్టల గురించి యూట్యూబ్ ప్రసంగాల్లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో వినిపించే మాటలు చాలావరకు రెండే. రెండు వేల ఏళ్లలో బైబిల్లో ఒక్క అక్షరం కూడా మారలేదని ఈ చుట్టలు రుజువు చేశాయన్నది ఒకటి. బైబిలును ఇష్టం వచ్చినట్టు మార్చేశారని రుజువు చేశాయన్నది రెండోది. యెషయా చుట్టలోని ఆ అంచు రాత ముందు రెండూ నిలబడవు. నకళ్లు చేతి నుంచి చేతికి నడిచాయి కాబట్టి మార్పులు వచ్చాయి. వాటిని పట్టుకుని సరిచేసే అలవాటూ అప్పుడే ఉంది. ఏది మూలం, ఏది వివరణ అన్న గీత మాత్రం మనం ఊహించుకున్నంత గట్టిగా ఉండేది కాదు.

ఈ ప్రతులు బయటపడిన కథ చాలామందికి తెలిసిందే. 1947 ప్రాంతంలో మృత సముద్రం వాయవ్య తీరాన, కుమ్రాన్ శిథిలాల దగ్గరి గుహలో బెదూయిన్ గొర్రెల కాపరులకు మొదటి ఏడు చుట్టలు దొరికాయి. 1956 నాటికి 11 గుహల్లో 900కు పైగా ప్రతుల అవశేషాలు తేలాయి. అందులో 200కు పైగా హీబ్రూ బైబిలు గ్రంథాలవే. ఎస్తేరు తప్ప మిగతా గ్రంథాలన్నిటివీ చిన్న ముక్కలైనా ఉన్నాయి (పాత పద్ధతిలో ఎజ్రా, నెహెమ్యాలను ఒకే గ్రంథంగా లెక్కేస్తే). మొదటి ఏడింటిలో నాలుగు జెరూసలేంలోని సిరియన్ ఆర్థొడాక్స్ మఠాధిపతి చేతికి వచ్చాయి. 1954 జూన్‌లో వాటిని అమ్మకానికి పెడుతూ అమెరికాలో వాల్ స్ట్రీట్ జర్నల్‌లో చిన్న ప్రకటన వేశారు. పైన చెప్పిన యెషయా చుట్ట వాటిలో ఒకటి. ఇజ్రాయెల్ తరఫున పురావస్తు పరిశోధకుడు యిగాయెల్ యాదిన్ నాలుగింటినీ 2,50,000 డాలర్లకు కొనిపించాడు.

వీటి విలువ తెలియాలంటే అంతకుముందు చేతిలో ఏముందో చూడాలి. ఈనాటి హీబ్రూ బైబిలు ముద్రణలకు ప్రధాన ఆధారం లెనిన్‌గ్రాడ్ కోడెక్స్ (కోడెక్స్ అంటే చుట్టలా కాక పుస్తకంలా కుట్టిన చేతిరాత ప్రతి). అది రాసింది క్రీ.శ. 1008 ప్రాంతంలో. దానికన్నా పాతదైన అలెప్పో కోడెక్స్ క్రీ.శ. 930 నాటిది. 1947లో సిరియాలోని అలెప్పోలో జరిగిన అల్లర్లలో అది దెబ్బతింది, ఆకులు చాలా పోయాయి. ఈ రెండూ మసోరెటులు అనే యూదు పండితుల సంప్రదాయంలోవి. అక్షరాల కింద, పైన చుక్కలూ గీతలూ పెట్టి ఎలా పలకాలో స్థిరపరచినవాళ్లు, ఏ మాట ఎన్నిసార్లు వస్తుందో కూడా లెక్కపెట్టి పక్కన రాసినవాళ్లు వీళ్లు. అలా నిలిచినదాన్నే మసోరెటిక్ పాఠం అంటారు. కుమ్రాన్ గుహల వల్ల హీబ్రూ బైబిలు ఆధారాలు ఒక్కసారిగా వెయ్యేళ్లకు పైగా వెనక్కి వెళ్లాయి.

వెనక్కి వెళ్లేకొద్దీ ఆ చుక్కలూ గీతలూ ఉండవు. పాత హీబ్రూ రాత ఎక్కువగా హల్లులతోనే నడుస్తుంది. తెలుగువాళ్లకు దీన్ని చెప్పడం తేలిక: గుణింతం తీసేసి చదవమంటే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. "మ ల" అని మాత్రమే రాసి ఉంటే అది మాల కావచ్చు, మేలు కావచ్చు, మూల కావచ్చు, మల కావచ్చు. ఏదో చెప్పేది చుట్టూ ఉన్న వాక్యం, గురువు నోట విన్న పాఠం. అంటే చదవడమే సగం వ్యాఖ్యానం. దానికి తోడు కొన్ని అక్షరాలు ఒకదానికొకటి మరీ దగ్గర. దాలెత్‌కూ రేష్‌కూ తేడా మూలలో ఒక చిన్న కొస మాత్రమే. వావ్‌కూ యోద్‌కూ తేడా కొందరి చేతిరాతలో అసలు కనిపించదు. తాటాకుల మీద ప, వ, మ అక్షరాలతో కుస్తీ పట్టినవాళ్లకు ఈ బాధ కొత్తేమీ కాదు.

ఒక్క అక్షరం కథను ఎలా మలుపు తిప్పుతుందో సమూయేలు మొదటి గ్రంథంలో చూడవచ్చు. 10వ అధ్యాయం చివర సౌలు కొత్తగా రాజయ్యాడు. కొందరు ఇతనేం రక్షిస్తాడని చులకనగా మాట్లాడారు. అతను విననట్టు ఊరుకున్నాడు. 11వ అధ్యాయం ఉన్నట్టుండి మొదలవుతుంది: అమ్మోనీయుడైన నాహాషు వచ్చి యాబేష్గిలాదు అనే ఊరి ముందు దిగాడు. సంధి చేసుకుంటామని ఊరివాళ్లు బతిమాలితే, మీ అందరి కుడికన్ను పెరికేస్తాను, అదీ షరతు అన్నాడు. ఎవడీ నాహాషు? ఆ ఊరి మీదే ఎందుకు పడ్డాడు? కళ్లు పెరకడం ఏమిటి? మసోరెటిక్ పాఠంలో వీటికి జవాబు లేదు.

నాలుగో గుహలో దొరికిన సమూయేలు ప్రతిలో, ఈ రెండు అధ్యాయాల మధ్య, ఒక పేరా అదనంగా ఉంది. దాని సారం ఇది. అమ్మోనీయుల రాజైన నాహాషు యొర్దాను అవతల ఉన్న ఇశ్రాయేలు గోత్రాలైన గాదీయులనూ రూబేనీయులనూ పీడించాడు. దొరికిన ప్రతివాడి కుడికన్నూ పెరికించాడు. 7,000 మంది మాత్రం తప్పించుకుని యాబేష్గిలాదుకు పారిపోయారు. దాదాపు నెల గడిచాక నాహాషు ఆ ఊరి మీదికి వచ్చాడు.

పేరా చదివాక చిక్కుముడి విడిపోతుంది. నాహాషు కొత్తగా క్రూరత్వం కనిపెట్టలేదు, పారిపోయినవాళ్లకు తన పాత శిక్షే వేస్తానంటున్నాడు. ఆ ఊరే ఎందుకంటే వాళ్లు దాక్కున్నది అక్కడే. క్రీ.శ. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా ఈ కథను ఇదే వరుసలో చెప్పాడు. డాలు ఎడమకంటికి అడ్డం వస్తుంది, కుడికన్ను పోతే యుద్ధానికి పనికిరారు అని కారణం కూడా ఇచ్చాడు. ఈ గుహ బయటపడేదాకా అది జోసీఫస్ సొంత కల్పన అనుకోవడానికి వీలుండేది. ఇలాంటి పాఠం ఉన్న సమూయేలు ప్రతి అతని ముందు ఉందని ఇప్పుడు గట్టిగా అనవచ్చు.

"నెల గడిచాక" అన్న మాటలోనే ఆ ఒక్క అక్షరం ఉంది. హీబ్రూలో అది "కెమో హోదెష్". మసోరెటిక్ పాఠంలో దాని చోట ఉన్నది "కెమహరీష్", అంటే ఊరుకున్నవాడిలా. దాలెత్ రేష్‌గా మారితే, కాస్త అటూ ఇటూ అయితే, "నెల తర్వాత" కాస్తా "విననట్టు ఊరుకున్నాడు" అవుతుంది. సౌలు సహనం మీద చెప్పిన ప్రసంగాలు చాలానే ఉంటాయి. వాటికి ఆధారం ఒక రేష్ అయి ఉండవచ్చు! 1989లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం న్యూ రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ ఈ పేరాను నేరుగా మూలంలోనే పెట్టింది. అది తొందరపాటు అన్నవాళ్లూ ఉన్నారు. కథలో ఖాళీ కనిపించి ఎవరో తర్వాత పూరించారని వాళ్ల వాదన. జోసీఫస్ సాక్ష్యం, కెమో హోదెష్ రెండూ ఒక వైపే మొగ్గుతున్నాయి కాబట్టి, పేరా జారిపోయిందనే వాదమే బలంగా కనిపిస్తుంది.

అదే ప్రతి గొల్యాతు ఎత్తును కూడా తగ్గించేసింది. తెలుగు బైబిల్లో అతను "ఆరుమూళ్లజేనెడు ఎత్తుమనిషి". మూరలు, జానలు మన కొలతలే కాబట్టి లెక్క వెంటనే అందుతుంది: మూడు మీటర్లకు కొంచెం తక్కువ. కుమ్రాన్ ప్రతిలో నాలుగు మూరల జానెడు, అంటే రెండు మీటర్లు. గ్రీకు అనువాదపు పాత ప్రతులూ జోసీఫసూ చెప్పేది నాలుగే. వీరుల కొలతలు చెప్పేకొద్దీ పెరుగుతాయి కానీ తగ్గవు అన్న లోకరీతిని బట్టి నాలుగే ముందుదని ఎక్కువమంది అంటారు. అలా చూస్తే కథ పదును కూడా మారుతుంది. సౌలు జనంలో అందరికన్నా భుజాలు మించిన పొడగరి అని ఆ గ్రంథమే ముందు చెప్పింది. రెండు మీటర్ల శత్రువు రాక్షసుడేమీ కాదు, సౌలుకు సరిజోడు. ఎదురెళ్లాల్సిన పొడగరి గుడారంలో కూర్చుంటే, గొర్రెలు కాసే కుర్రాడు వెళ్లాడన్న ఎత్తిపొడుపు అప్పుడు గట్టిగా వినిపిస్తుంది.

నాహాషు, గొల్యాతుల దగ్గరి తేడాలు కథలకు సంబంధించినవి. ద్వితీయోపదేశకాండము 32:8 దగ్గర వ్యవహారం దేవుడి మీదికే వెళ్తుంది. మహోన్నతుడు జనాలకు సరిహద్దులు వేసినప్పుడు "ఇశ్రాయేలీయుల లెక్కనుబట్టి" వేశాడని తెలుగు బైబిలు చెబుతుంది. మసోరెటిక్ పాఠంలో ఉన్నదీ అదే. ఒక చిక్కేమిటంటే, ఆ పంపకాలు జరిగే నాటికి ఇశ్రాయేలు అనే జనమే లేదు. నాలుగో గుహలోని ఒక ముక్కలో "దేవుని కుమారుల" లెక్కను బట్టి అని ఉంది. గ్రీకు ప్రతులు "దేవదూతల" లెక్క అనో "దేవుని కుమారుల" లెక్క అనో చెబుతాయి. తర్వాతి వచనం యెహోవా వంతు ఆయన జనమే అంటుంది. రెండూ కలిపి చదివితే తేలే చిత్రం వేరు: ఒక్కో జాతికి ఒక్కో దివ్య పురుషుడు, ఇశ్రాయేలుకు మాత్రం యెహోవాయే స్వయంగా. దేవుడొక్కడే అన్న నమ్మకం గట్టిపడిన కాలంలో ఏ లేఖకుడికో ఈ "దేవుని కుమారులు" ఇబ్బంది పెట్టి ఉంటారు. మాటను "ఇశ్రాయేలు కుమారులు" అని మార్చితే లెక్క కూడా సరిపోతుంది. ఆదికాండము 10లో జాతులు 70, యాకోబుతో ఐగుప్తుకు వెళ్లినవాళ్లూ 70. ఇది చేతి పొరపాటు కాదు, ఆలోచించి చేసిన దిద్దుబాటు అనిపిస్తుంది. మార్చినవాడు మోసగాడని అనుకోవాల్సిన పనిలేదు. తన కంటికి తప్పుగా అర్థమయ్యే మాటను సరిగా అర్థమయ్యేట్టు చేశానని అతను నమ్మి ఉంటాడు.

అలాగని గుహలో దొరికిందల్లా ముందు పాఠమే అనుకుంటే దెబ్బ తింటాం. 145వ కీర్తన అక్షరమాల క్రమంలో రాసింది. ఒక్కో వచనం ఒక్కో హీబ్రూ అక్షరంతో మొదలవుతుంది. అక్షరాలు 22, వచనాలు మాత్రం 21. నూన్ అక్షరం వచనం మసోరెటిక్ పాఠంలో లేదు. ఎందుకు లేదన్న ప్రశ్న పాతదే. ఆమోసు గ్రంథంలో ఇశ్రాయేలు కూలిపోయిందన్న మాట నూన్‌తో మొదలవుతుంది, అందుకే దావీదు ఆ అక్షరాన్ని వదిలేశాడని, యూదు రబ్బీల చర్చలను కూర్చిన తల్ముదులో రబ్బీ యోహానాన్ జవాబు చెప్పాడు. పదకొండో గుహలోని కీర్తనల చుట్టలో ఆ తప్పిపోయిన వచనం ఉంది: దేవుడు తన మాటల్లో నమ్మదగినవాడు, తన పనులన్నిటిలో దయగలవాడు. గ్రీకు, సిరియాక్ అనువాదాల్లోనూ ఉంది. పోయింది దొరికిందని సంబరపడి చాలా కొత్త అనువాదాలు దాన్ని చేర్చుకున్నాయి.

కొంచెం ఆగి చూస్తే అనుమానాలు మొదలవుతాయి. ఆ వచనం రెండో సగం, 17వ వచనం రెండో సగం అక్షరాలా ఒకటే. కీర్తనలో దాదాపు అంతటా దేవుణ్ని పేరుతో పిలిస్తే, ఈ ఒక్క వచనంలో "ఎలోహీం" అన్న సాధారణ పదం వచ్చింది. పైగా ఆ చుట్టలో ప్రతి వచనం తర్వాత "యెహోవాకు స్తోత్రం, ఆయన నామానికి నిత్యం స్తోత్రం" అన్న అర్థం వచ్చే పల్లవి ఒకటి తిరిగి తిరిగి వస్తుంది. శతక పద్యాలకు మకుటంలాంటిది. మసోరెటిక్ కీర్తనలో అది లేదు. అంటే ఈ చుట్ట ఆరాధనలో పాడుకోవడానికి సర్దుకున్న కూర్పు కావచ్చు. ఒక అక్షరం లోటు కనిపిస్తే పక్క వచనం నుంచి అరువు తెచ్చి పూడ్చడం పాడేవాళ్లకు సహజం. 25వ, 34వ కీర్తనలు కూడా అక్షరమాల క్రమంలోవే, వాటిలోనూ ఒకటీ అరా అక్షరాలు తప్పిపోయే ఉన్నాయి. లోటు ఉన్న పాఠమే ముందుదని అనడానికి బలమైన కారణాలే ఉన్నాయి.

యిర్మీయా దగ్గరికి వచ్చేసరికి ప్రశ్నే మారిపోతుంది. గ్రీకు యిర్మీయా, హీబ్రూ దానికన్నా దాదాపు ఎనిమిదో వంతు చిన్నది, అధ్యాయాల వరుస కూడా వేరు. గ్రీకు అనువాదకుడు కత్తిరించాడని చాలాకాలం అనుకున్నారు. నాలుగో గుహలో ఆ పొట్టి పాఠానికి దగ్గరగా ఉన్న హీబ్రూ ముక్క దొరికింది. 10వ అధ్యాయంలో విగ్రహాలను ఎగతాళి చేసే భాగం మధ్యలో దేవుణ్ని స్తుతించే కొన్ని వచనాలు అందులో లేవు, గ్రీకులో లేనివీ అవే. కాబట్టి అనువాదకుడు నిర్దోషి, అతని ముందున్న హీబ్రూ ప్రతే పొట్టిది. అదే గుహలో పొడుగు పాఠం ప్రతులూ ఉన్నాయి. అంటే ఒకే గ్రంథం రెండు కూర్పులు ఒకే సమాజపు అటకమీద పక్కపక్కనే ఉన్నాయి. ఎవరికీ టెన్షన్ పుట్టినట్టు దాఖలా లేదు. "అసలు యిర్మీయా ఏది?" అని మనం అడిగే ప్రశ్న వాళ్లకు ఇదే రూపంలో తట్టి ఉండదు.

ఈ స్వేచ్ఛ ఎంతోకాలం సాగలేదు. కుమ్రాన్‌కు దక్షిణాన మసాదా కోటలో, వాది మురబ్బాత్ గుహల్లో దొరికిన ప్రతులు తర్వాతి కాలానివి. అవి మసోరెటిక్ పాఠానికి చాలా దగ్గర. ఎన్‌గెదీలో ఒక పురాతన యూదు ప్రార్థనా మందిరం తవ్వకాల్లో 1970లో బొగ్గులా కాలిపోయిన చుట్ట దొరికింది. ముట్టుకుంటే పొడి అవుతుంది కాబట్టి అలాగే దాచి ఉంచారు. అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రెంట్ సీల్స్ బృందం దాన్ని విప్పకుండానే స్కాన్ చేసి, కంప్యూటర్‌లో పొర పొరగా తెరిచి చదివింది. 2016లో ఫలితాలు వచ్చాయి. అది లేవీయకాండము మొదటి అధ్యాయాలు. హల్లులన్నీ మధ్యయుగపు మసోరెటిక్ పాఠంతో సరిగ్గా సరిపోయాయి. ఒక్క అక్షరం మారలేదన్న మాట ఎక్కడైనా నిజమైతే, అది ఇలాంటి చోట, ఈ కాలం నుంచే. అంతకు ముందుకాలానికి దాన్ని పులమకూడదు.

పాత ప్రతులు తేల్చలేని గొడవలూ ఉన్నాయి. యెషయా 7:14లో "కన్యక గర్భవతియై" అన్న చోట హీబ్రూ మాట "అల్మా". యువతి అనా, కన్య అనా అన్నది యూదులకూ క్రైస్తవులకూ మధ్య రెండు వేల ఏళ్ల వాదం. మొదట చెప్పిన పెద్ద యెషయా చుట్టలోనూ అల్మా అనే ఉంది. వచనంలో పేరు పెట్టే క్రియారూపం లాంటి చిన్న తేడాలు ఉన్నా, ఈ మాట మాత్రం మారలేదు. ఇక్కడి గొడవ అక్షరాలది కాదు, అర్థానిది, దానికి తోలు చుట్ట చెప్పగలిగిందేమీ లేదు. 22వ కీర్తనలో "వారు నా చేతులను నా పాదములను పొడిచియున్నారు" అన్న చోట మసోరెటిక్ పాఠం "సింహంలా నా చేతులను, నా పాదాలను" అంటుంది. మృత సముద్రానికి పడమరనున్న నహల్ హెవెర్ గుహలోని ఒక ముక్కలో ఆ మాట చివర యోద్ కాక వావ్ ఉందని చదివినవాళ్లు ఉన్నారు. అలా చదివితే అది క్రియాపదం అవుతుంది. సిరా వెలిసిపోయిన ముక్క, ఒకేలా కనిపించే రెండు అక్షరాలు. పోనీ వావ్ అనే అనుకున్నా, ఆ రూపానికి "పొడిచారు" అన్న అర్థం వ్యాకరణం ప్రకారం సూటిగా రాదు. దీన్ని తిరుగులేని రుజువుగా చూపించే ప్రసంగాలు ఈ సంగతి దాటవేస్తాయి. ఇలాంటి ఆశల మీద వ్యాపారమూ నడిచింది. వాషింగ్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ద బైబిల్ దగ్గరున్న 16 ముక్కలూ నకిలీవని పరీక్షల్లో తేలినట్టు 2020లో ప్రకటించారు.

ఇంతవరకు చూసింది పాఠం గురించి. చుట్టల్లో ఎక్కువ భాగం బైబిలు ప్రతులు కాదు. వాటిలో వ్యాఖ్యానాలు, నియమావళులు, ప్రార్థనలు ఉన్నాయి. ఆనాటి యూదులు లేఖనాన్ని ఎలా చదివేవారో సూటిగా చూపించేవి ఇవే. దమస్కు పత్రం అనే నియమావళి ముందుగా కుమ్రాన్‌లో కాదు, కైరోలోని పాత ప్రార్థనా మందిరపు కాగితాల గదిలో దొరికింది. సాలమన్ షెఖ్టర్ 1897లో ఆ కాగితాలను కేంబ్రిడ్జికి తరలించి, 1910లో ఈ పత్రాన్ని ప్రచురించాడు. ఆ తర్వాత కుమ్రాన్ గుహల్లో దాని పాత ప్రతులు బయటపడ్డాయి.

అందులో ఒక వాదన తెలుగువాళ్లకు మరీ దగ్గరగా తగులుతుంది. లేవీయకాండము 18:13 తల్లి అక్కచెల్లెళ్లను, అంటే పెద్దమ్మనో పిన్నినో, పెళ్లాడకూడదంటుంది. మేనకోడలి గురించి ఆ అధ్యాయం ఏమీ అనదు. అనలేదు కాబట్టి చేసుకోవచ్చన్నది రబ్బీల దారి. పైగా అక్క కూతురినో చెల్లెలి కూతురినో చేసుకున్నవాడి ప్రార్థనకు దేవుడు పలుకుతాడని తల్ముదు మెచ్చుకుంది కూడా. దమస్కు పత్రం దీనికి పూర్తిగా అడ్డం తిరిగింది. ఈ చట్టం మగవాళ్లను ఉద్దేశించి రాసినా ఆడవాళ్లకూ అంతే వర్తిస్తుంది. మగవాడికి పిన్ని కూడదంటే ఆడపిల్లకు మేనమామ కూడదు. వచనం ఒకటే, అక్షరాల్లో తేడా లేదు. రాయనిదాన్ని అనుమతిగా చదవాలా, రాసినదాన్ని రెండో వైపుకూ పొడిగించాలా అన్నదే తగువు. మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు ఎరిగిన ఇళ్లలో ఈ రెండు వాదాల్లో ఏది నెగ్గిందో ఊహించడం కష్టం కాదు. ఒక తేడా ఉంది. మన వరసల్లో అక్కచెల్లెళ్ల కూతురు కోడలు, అన్నదమ్ముల కూతురు కూతురే. దమస్కు పత్రం ఇద్దరినీ ఒకే గాటన కట్టి నిషేధించింది.

వ్యాఖ్యాన పద్ధతి పూర్తిగా కనిపించేది మొదటి గుహలోని, హబక్కూకు ప్రవక్త గ్రంథానికి రాసిన వ్యాఖ్యానంలో. హబక్కూకు మాట ఒకటి రాస్తారు, ఆ వెంటనే "దీని పెషెర్", అంటే దీని భావం, అని తమ కాలపు సంగతి చెబుతారు. కల్దీయులు (బబులోనువాళ్లు) అన్న చోట కిత్తీయులు అని చెబుతారు, వాళ్ల మాటల్లో కిత్తీయులంటే రోమన్లు. శత్రువు తన వలకే బలులు అర్పిస్తున్నాడని హబక్కూకు అంటే, కిత్తీయులు తమ సేనా ధ్వజాలకు బలులిస్తారని వ్యాఖ్యానం. రోమన్ సైన్యాల్లో నిజంగా ఉన్న ఆచారమే అది. చివరి తరానికి ఏం జరుగుతుందో రాయమని దేవుడు హబక్కూకుకు చెప్పాడు కానీ, ఆ కాలం ఎప్పుడు ముగుస్తుందో చెప్పలేదట. ఆ మర్మాలు తెలిసినవాడు తమ సమాజపు గురువైన "నీతి బోధకుడు" ఒక్కడేనట. ప్రవక్తకే తెలియని అర్థం వ్యాఖ్యాతకు తెలుసునన్నమాట! "నీతిమంతుడు విశ్వాసమూలముగా బ్రదుకును" అన్న వచనాన్ని ఈ వ్యాఖ్యానం, ధర్మశాస్త్రాన్ని పాటిస్తూ నీతి బోధకుణ్ని నమ్ముకున్నవాళ్లకు అన్వయించింది. అదే వచనాన్ని పౌలు ధర్మశాస్త్రానికి ఎదురుపెట్టి గలతీయులకు రాసిన పత్రికలో వాడాడు. ఇద్దరూ యూదులే, ఇద్దరి మధ్య దూరం నూరేళ్లు అటూఇటూ.

ఈ వ్యాఖ్యానంలో ఒక చోట, 2:16 దగ్గర, మసోరెటిక్ పాఠంలో ఉన్న మాట సున్నతి లేని స్థితిని సూచిస్తుంది. వ్యాఖ్యాత తన మూలంలో రాసుకున్న మాట వేరు, తూలిపో అని. హీబ్రూలో రెండు మాటలకూ అక్షరాలు అవే, వరుస మాత్రమే మారింది. గ్రీకు అనువాదంలో ఉన్నది కూడా తూలడమే. ఇంతవరకైతే ఇదీ ఒక పాఠాంతరమే అని వదిలేయవచ్చు. కానీ తూలిపో అని రాసి, కింద భావం చెబుతూ ఈ వ్యాఖ్యాత నీతి బోధకుడి విరోధి గురించి "దుష్ట యాజకుడు తన హృదయానికి సున్నతి చేసుకోలేదు" అంటాడు, వెంటనే అతను మత్తు దారుల్లో నడిచాడనీ అంటాడు. తన ప్రతిలో లేని మాట అర్థం కూడా అతనికి తెలుసు. ఏది సరైనదో తేల్చే పని పెట్టుకోకుండా, ఒకటి మూలంలో రాసి, రెండూ భావంలో వాడుకున్నాడు.